ఒక చెయ్యి, రెండు కుర్చీలు

ఆఫీసు, కిటికీ పక్క బల్ల

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాశాడా వీడు అనుకుంటావు. ఫోనైతే నేను సగం చెప్పేలోపే "ఆపరా నీ సోది" అని పెట్టేస్తావు. తరవాత ఇద్దరం మూతులు ముడుచుకుని కూర్చుంటాం. పోట్లాడుకోవాల్సిన సంగతులు కాగితం మీద పోట్లాడుకోండని అమ్మ పెట్టిన కట్టడి ఇప్పటికీ పనికొస్తోంది. కాబట్టి చివరిదాకా చదువు. తిట్లు తరవాత.

మీ ఇంటికి మా కంపెనీ నుంచి నోటీసులు వచ్చి ఉంటాయి. "తీరం" ఆటలో మీ అత్తగారి ఊరు సూదిమొనకి ఒకటి, నీ ఊరు అద్దాలపేటకి ఒకటి. ఆ రెండు ఊళ్ళనీ ఒకే మనిషి నడుపుతున్నారని ఫిర్యాదు వచ్చింది. అది వచ్చి పడింది నా బల్ల మీదే. ఊళ్ళ పేర్లు చూడగానే మీవేనని గుర్తుపట్టాను.

నువ్వు అందరితో "మా తమ్ముడు ఆటలాడి జీతం తెచ్చుకుంటాడు" అని చెబుతుంటావు గానీ, నేను ఆడను. ఆడేవాళ్ళు సరిగ్గా ఆడుతున్నారా లేదా అని చూస్తాను. మా ఆటలో అన్నిటికంటే పెద్ద నియమం, ఒక మనిషికి ఒకే ఊరు. కొందరు ఏం చేస్తారంటే, వేరే పేరుతో ఇంకో ఊరు తెరుస్తారు. ఆ రెండో ఊరు ధాన్యం పండించి, ఉప్పు తీసి, అదంతా పడవలకెత్తి మొదటి ఊరికి ఊరికే పంపిస్తుంటుంది. మేం దాన్ని బినామీ ఊరు అంటాం. ఒక ఇంట్లో ఇద్దరు ఆడటం తప్పేం కాదు. అన్నదమ్ములు ఆడతారు, మొగుడూ పెళ్ళాలు ఆడతారు, ఒకళ్ళ పడవలు ఒకళ్ళు ముంచుకుంటారు కూడా. కాకపోతే ఎవరి ఊరు వాళ్ళే ఆడాలి.

నీ పేరు ఉంది కాబట్టి ఆ ఫైలు నేను ముట్టుకోకూడదు. పక్క బల్ల ఆవిడకి ఇచ్చేశాను. ఆవిణ్ణి మేమంతా తక్కెడ అంటాం. ఎదురుగానే అంటాం, ఆవిడకి ఆ పేరు నచ్చింది కూడా. మా అక్కకి ఉత్తరం రాసుకోవచ్చా అని అడిగితే, నోటీసులో ఉన్నదాని గురించి రాసుకో, ఫైల్లో ఉన్నదాని గురించి రాయకు అంది.

మీరిద్దరూ వివరణ పంపాలి. అందులో అబద్ధముందని తేలితే రెండు ఊళ్ళూ పోతాయి. సూదిమొన పోతే మీ అత్తగారు ఏమైపోతారో నాకు తెలుసు. మామగారు పోయాక ఆవిడ ఎలా ఉండేవారో కళ్ళారా చూశాను కదా. ఆవిడ చేతులు బాగా వణుకుతున్నాయని మొన్న బావ చెప్పాడు. అందుకే సూటిగా అడుగుతున్నాను. సూదిమొన ఆడుతున్నది నువ్వా?

నీ తమ్ముడు


ముందుగది, కుట్టుమిషను మీద

ఒరే న్యాయాధిపతీ,

చదివాను. చివరిదాకా చదివాను. ఇప్పుడు నా వంతు.

అసలు మా అత్తయ్యకి ఆ ఆట నేర్పింది ఎవడ్రా? నువ్వు కాదూ? మామయ్య పోయాక ఆవిడ మాట్లాడటమే మానేశారు. అదే టైములో చేతులు వణకడం మొదలైంది, సూది వేల్లో దిగింది, కుట్టుపని మూలపడింది. వీధిలో సగం మందికి బట్టలు కుట్టిన మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంటే, నువ్వే వచ్చి మిషను తలని కిందికి దింపేసి దాని మీద కంప్యూటర్ పెట్టావు. "అత్తయ్యగారూ, ఈ ఊరు మీది, ఏలుకోండి" అన్నావు. ఆవిడ నిజంగానే ఏలుకున్నారు. ఇప్పుడు నోటీసు పంపిస్తావా?

ఎలా ఆడతామో చెబుతాను, ఫైల్లో రాసుకోమను మీ తక్కెడని. కంప్యూటర్ ఒక్కటే. కుర్చీలు రెండు. చేతులున్న కుర్చీ అత్తయ్యది, చెక్కకుర్చీ నాది. ఆవిడ వంతు అయ్యాక మౌస్ నా వైపు జరుపుతారు, నా వంతు అయ్యాక నేను ఆవిడ వైపు జరుపుతాను. వణుకు మరీ ఎక్కువైన రోజు మౌస్ నేనే పట్టుకుంటాను. ఆవిడ చెబుతారు, నేను నొక్కుతాను. బుర్ర ఆవిడది, వేలు నాది. అది నేరమైతే ఏ కోర్టులో వేస్తావో వేసుకో.

సూదిమొన అత్తయ్యదే. అద్దాలపేట నాది. ఎవరి ఊరు వాళ్ళదే.

ఆ ఆటలో ఆవిడకి ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు? ఒకాయన్ని మేస్త్రి అంటారు, ఇళ్ళు కడతాడట. పని మధ్యలో విరామం దొరికితే వచ్చి ఈవిణ్ణి పలకరిస్తాడు. ఆయనకి ఆట నేర్పింది ఈవిడే. ఇంకొకామె ఎక్కడో నర్సు. వాళ్ళందరికీ ఈవిడ "పెద్దమ్మ". మాతో పొడిపొడిగా మాట్లాడే మనిషి అక్కడ, ఆడేవాళ్ళంతా రాసుకునే బోర్డు మీద, గంటలకొద్దీ కబుర్లు చెబుతారు.

నోటీసు వచ్చినప్పటి నుంచీ అత్తయ్య కంప్యూటర్ తెరవలేదు. కళ్ళజోడు తుడుస్తారు, పెట్టుకుంటారు, తీస్తారు. నాకు ఆవిడతో కూర్చునే తీరిక లేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో నాతోపాటు అద్దాలు అరగదీసే అతను మానేశాక రెండు బల్లల పనీ నా మీదే పడింది. ఇంటికొచ్చేసరికి నా కళ్ళకే అద్దాలు కావాలన్నట్టు ఉంటుంది. మీ బావ లారీ ఎక్కితే వారానికి గానీ దిగరు. ఇంతలో నీదొకటి.

ఆ ఊరు తీసేస్తే మళ్ళీ గోడకేసి చూస్తారు. అప్పుడు వచ్చి మాట్లాడించు, నీ నియమాలు చదివి వినిపించు.

అక్క


ఆఫీసు, అదే బల్ల

అక్కా,

తిట్లు అందాయి. భద్రంగా దాచుకున్నాను.

ముందు మంచి కబురు. వణికే చేతికి ఇంకొకళ్ళు సాయం పట్టడం తప్పు కాదట. బుర్ర ఎవరిదైతే ఊరు వాళ్ళదే అని తక్కెడ తేల్చి చెప్పింది.

కానీ నిన్న మీకు రెండో నోటీసు వెళ్ళింది. అందులో ఉన్నదే చెబుతున్నాను. రేవులో ఉన్న పడవలన్నీ సరుకుతో నింపి పంపడం ఈ ఆటలో అందరూ చేసే పని. ఖాళీ పడవ అంటే నష్టం. సూదిమొన మాత్రం ఎప్పుడూ ఒక పడవని ఖాళీగా ఉంచుతుంది. ఎన్ని పడవలున్నా సరే, చివరిది నింపదు. అద్దాలపేట కూడా అంతే. అద్దాలపేట మొదట్లో అలా ఉండేది కాదు. కొన్ని నెలలుగానే ఆ అలవాటు పట్టుకుంది. ఆ నెలల్లోనే అద్దాలపేట ధాన్యం సూదిమొనకి కారుచౌకగా పోవడం మొదలైంది. తక్కెడ ఆట మొత్తం వెతికి చూసింది. ఇలా చివరి పడవ వదిలేసే ఊరు ఇంకొకటి లేదు. ఎందుకు వదులుతారో ఆవిడకీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. రెండు ఊళ్ళనీ నడిపే బుర్ర ఒకటేనని మాత్రం అర్థమైంది.

నువ్వు ఆవిడ పేరు మీద ఆడుతున్నావేమోనని నా భయం. చేతులు బొత్తిగా పనిచెయ్యడం మానేశాయేమో, ఆ సంగతి ఆవిడ స్నేహితులకి తెలియకూడదని నువ్వు రెండూ లాక్కొస్తున్నావేమో. అదే నిజమైతే నీ మీద నాకు కోపం లేదు. కానీ చెప్పు.

"ఆటే కదా" అని నువ్వు రాయలేదు గానీ, రాయబోయి ఆపుకున్నావని నాకు తెలుసు. రోజూ ఎవరో ఒకరు ఆ మాట అంటూనే ఉంటారు. మేస్త్రి ఈ సీజన్ పెద్దరికానికి, అంటే ఆటలో మొదటి స్థానానికి, సూదిమొనతో పోటీ పడుతున్నాడు. ఫిర్యాదు చేసింది తానేనని ఆయనే బోర్డు మీద అందరి ముందూ చెప్పేశాడు కాబట్టి నేనూ చెప్పొచ్చు. ఇటుకల మధ్య కూర్చుని, సిమెంటు చేతులు కడుక్కుని, దొరికిన కాస్త టైములో ఒక్కో పడవా కూడబెట్టుకున్నాడు. అటు రెండు ఊళ్ళ పంట, ఇటు ఒక్క ఊరి పంట. ఎంత ఆడినా గెలవలేడు. ఎందుకు ఓడిపోతున్నాడో కూడా ఆయనకి చాలాకాలం తెలియలేదు, తనకే చేతకావడం లేదనుకున్నాడు. ఆటలో ఓడిపోతే మనిషికి ఏమీ కాదు. కానీ ఓడిపోయేలా ముందే సర్దిపెట్టిన ఆటలో కూర్చోబెడితే అది వేరే సంగతి కదా.

నిజం రాయి అక్కా.

తమ్ముడు


ముందుగది, చెక్కకుర్చీ

తమ్ముడూ,

ఈ ఉత్తరం తీరిగ్గా చదువు. బస్సులో చదవకు.

నీ చొక్కాలు గుర్తున్నాయా? నాకు పెళ్ళయ్యాక నీ స్కూలు చొక్కాలన్నీ అత్తయ్యే కుట్టారు. ప్రతి చొక్కాకీ పక్క కుట్టు లోపల కాస్త గుడ్డ మడిచి వదిలేవారు. నువ్వు ఎదిగినప్పుడల్లా ఆ కుట్టు విప్పి వదులు చేసేవారు. ఎవరి బట్టలైనా అంతే, గుడ్డనంతా పూర్తిగా వాడెయ్యడం ఆవిడకి చేతకాదు. నీ ఉత్తరంలో ఖాళీ పడవ గురించి చదువుతుంటే నాకు ఆ మడత గుర్తొచ్చింది. సూదిమొనకి సరే. అద్దాలపేటలో ఎవరు వదులుతున్నారు? నేనైతే కాదు.

పోయిన ఉత్తరంలో అద్దాలపేట నాది అని రాశాను. నాదే. కానీ నేను దాని మొహం చూసి ఎంతకాలమైందో నాకే తెలియదురా. దుకాణంలో పని పెరిగినప్పటి నుంచీ ఆ చెక్కకుర్చీలో కూర్చోలేదు. ఆ సంగతి నీకు రాయబుద్ధి కాలేదు. నోటీసు చూసినప్పుడు ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను, అంతే.

మొన్న దుకాణంలో అరగదీసే యంత్రం చెడిపోతే మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. తలుపు ఓరగా ఉంది. అత్తయ్య కంప్యూటర్ ముందున్నారు, నోటీసుల తరవాత అదే మొదటిసారి తెరవడం అనుకుంటాను. రెండు చేతులతో మౌస్ పట్టుకుని సూదిమొనలో ఏదో చేసుకున్నారు. చేసుకుని, బల్ల పట్టుకుని మెల్లగా లేచారు. లేచి వచ్చి నా చెక్కకుర్చీలో కూర్చున్నారు. కీబోర్డు దగ్గరికి లాక్కుని ఒక్క వేలితో కొడుతున్నారు. కొడుతూ పైకి చదువుకుంటున్నారు.

"భోంచేశారా అత్తయ్యా?"

మళ్ళీ లేచారు. తన కుర్చీలో కూర్చున్నారు.

"ఆఁ, తిన్నానమ్మా. నువ్వు?"

మళ్ళీ లేచి నా కుర్చీలోకి వచ్చారు. "నేను తరవాత తింటాను, మీరు కాసేపు నడుం వాల్చండి" అని నా తరఫున రాశారు. అదంతా బోర్డు మీద అందరికీ కనపడుతుంది. నర్సు వెంటనే "మీ అత్తాకోడళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది పెద్దమ్మా" అని రాసింది. ఈవిడ నవ్వుకున్నారు.

నాకు ఏడుపొచ్చింది. అంతకు రెట్టింపు కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. చెప్పుల చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళాను.

ఆవిడ ఉలిక్కిపడలేదురా. ఏమిటిది అత్తయ్యా అని అడిగితే, నియమం తప్పలేదన్నారు. నా ఊరు ఆడేటప్పుడు నా కుర్చీలోనే కూర్చున్నారట. తన కుర్చీలో కూర్చుని ఒక్కసారి కూడా అద్దాలపేటని ముట్టుకోలేదట. అంతేనా, నేనెలా ఆడతానో అలాగే ఆడారట. నాలాగే తొందరపడి ఉప్పంతా ఒకేసారి తక్కువ ధరకి అమ్మేశారట. "నువ్వైతే అలాగే చేస్తావు కదా. అమ్ముతుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది" అన్నారు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. పాపం అన్నీ నాలా చేశారు గానీ, ఆ చివరి పడవ నింపడానికి మాత్రం ఆవిడకి చెయ్యి రాలేదు.

అసలు నా ఊరెందుకు ముట్టుకున్నారంటే, నేను వదిలేశాక ఊళ్ళో జనం ఆకలితో ఉన్నారని ఎర్ర అక్షరాలు వచ్చాయట. చూస్తూ కూర్చోమంటావా అని నన్నే దబాయించారు. మరి నా ధాన్యం చౌకగా ఎందుకు తీసుకున్నారంటే, "ఇంట్లో చక్కెర అయిపోతే నీ డబ్బాలోంచి తియ్యనూ? కోడలి దగ్గర తీసుకుంటే దొంగతనమా?" అన్నారు.

ఇక ఆ కబుర్ల సంగతి నేను అడగలేదు. ఆవిడే చెప్పారు. కోడలు ఏదీ, కనపడటం లేదు అని అందరూ అడిగారట. మానేసిందని చెప్పడానికి నోరు రాలేదట.

ఇప్పుడు నేను నిన్నొకటి అడుగుతాను. ఇవాళ్టి నుంచి అద్దాలపేట నేనే ఆడతాను, ఒట్టు. ఇన్నాళ్ళూ కూడా నేనే ఆడానని వివరణలో రాస్తాను. ఖాళీ పడవ అలవాటు అత్తయ్య దగ్గర నేర్చుకున్నానని రాస్తాను, నమ్మేలాగే ఉంటుంది. ఎవరు కనిపెడతారు, నువ్వు తప్ప? ఆవిడకి ఆ ఊరు తప్ప ఇంకేం లేదురా. ఇన్నాళ్ళూ నేను ఉన్నాననుకున్నాను, నేనూ లేను.

అక్క


ఇల్లు, వంటగది బల్ల

అక్కా,

ఇది ఆఫీసు బల్ల మీద రాయలేకపోయాను.

నువ్వన్నట్టే ఎవరూ కనిపెట్టలేరు. నేను చెప్పను. నన్ను ఎవరూ అడగరు కూడా. నువ్వు అలా రాసి పంపితే తక్కెడ చదివి, సరేనని ఫిర్యాదు కొట్టేస్తుంది. నేను పక్కనే కూర్చుని ఇంకొకళ్ళ ఫైలు తీసి, వాళ్ళు నిజం చెబుతున్నారా లేదా అని చూస్తుంటాను. ఎన్నాళ్ళు అలా కూర్చోగలనో నాకు తెలియదు. అయినా అది నా బాధ, నీది కాదు. దానికోసం నువ్వు ఏమీ మార్చుకోనక్కర్లేదు.

ఒక్క సంగతి మాత్రం తెలుసుకుని పంపు. ఫిర్యాదు కొట్టేశాక, చేసినవాళ్ళకి మేం ఒక మాట పంపిస్తాం. మీ అనుమానం నిజం కాదు, ఆ ఇద్దరూ వేరువేరు మనుషులే, అని. అది మేస్త్రికి వెళుతుంది. ఫిర్యాదు చేసిన రోజు ఆయన బోర్డు మీద ఏం రాశాడో నువ్వు చదివావా? "ఈ ఆట నాకు పెద్దమ్మే నేర్పింది. ఆవిడ మీద చెప్పాలంటే నాకు మనసొప్పడం లేదు. తప్పు నాదైతే అందరి ముందూ క్షమాపణ చెబుతాను" అని రాశాడు. చెప్పే మనిషిలాగే ఉన్నాడు.

కాబట్టి ఆయన మీ అత్తగారికి క్షమాపణ చెబుతాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అది చదవాలి. చదివి, పరవాలేదు బాబూ అని జవాబు రాయాలి. నీ కుర్చీలో కూర్చుని రాస్తారో, తన కుర్చీలో కూర్చుని రాస్తారో మరి.

ఇంతకంటే నేనేం చెప్పలేను. నువ్వు ఏది పంపినా నేను నీ తమ్ముణ్ణే.

ఇంకోటి. "నేనూ లేను" అని రాశావు చూడు, ఆ మాట నాకూ తగిలింది. నేర్పి వచ్చేశాక నేనూ ఒక్కసారైనా ఆవిడ ఊరు చూడ్డానికి వెళ్ళలేదు.

తమ్ముడు


ముందుగది

తమ్ముడూ,

వివరణ రాశాను. అంటే, నేననుకున్నది రాశాను. ఇన్నాళ్ళూ నేనే ఆడానని, అలవాట్లు కలిశాయని, చక్కగా కుదిరింది. సంతకం పెట్టబోయే ముందు అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ కూడా సంతకం పెట్టాలి కదా. ఆవిడ మొహంలో కాస్త వెలుగొచ్చింది. ఊరు ఉంటుందా అని అడిగారు. ఉంటుందన్నాను.

ఆ తరవాత నీ ఉత్తరం కూడా ఆవిడకి చదివి వినిపించాను. చదవకుండా ఉండొచ్చు. మడిచి జాకెట్లో దాచుకున్నాను కూడా. కానీ క్షమాపణ సంగతి ఆవిడకి చెప్పకుండా సంతకం పెట్టిస్తే, నేను కూడా ఆవిడ కుర్చీలో కూర్చుని ఆవిడ తరఫున ఆడినట్టే కదా.

చివరిదాకా విన్నారు. తరవాత నా చేతిలోని కాగితం తీసుకుని చింపబోయారు. వేళ్ళు వణికి చిరగలేదు. "నువ్వు చించు" అని నాకిచ్చారు.

చించాను.

"కొలత నేను తప్పు తీసుకుని, నువ్వే గుడ్డ తక్కువ తెచ్చావని మనిషిని అన్నట్టుంటుంది. నా చేత్తో ఎప్పుడూ అలా చెయ్యలేదు" అన్నారు. తరవాత ఆవిడ చెప్పారు, నేను రాశాను. ఉన్నదున్నట్టు ఇదీ:

"రెండు ఊళ్ళూ నేనే ఆడాను. నా కోడలికి తెలియదు. కుర్చీ మారితే మనిషి మారినట్టేనని నాకు నేను చెప్పుకున్నాను. కాదని నాకు తెలుసు. ఆమె ఊరి ధాన్యం చౌకగా తీసుకున్నాను. మేస్త్రి నా వల్లే ఓడిపోతున్నాడు. నా ఊరు తీసెయ్యండి. అద్దాలపేటలో నా కోడలి తప్పు లేదు, అది ఉండనివ్వండి."

చేతులు వణుకుతాయని, ఒంటరిగా ఉంటారని ఒక వాక్యం చేర్చబోయాను. ఒప్పుకోలేదు. తప్పు చేసింది నేనైతే మధ్యలో చేతులేం చేశాయి అన్నారు.

అక్కడితో ఆగలేదు. అదే మాట బోర్డు మీద కూడా పెట్టించారు, మేస్త్రి పేరు పెట్టి మరీ. కోడలు అడిగినట్టు రాసినవన్నీ నేనే రాసుకున్నాను అని కూడా రాయించారు. అది రాయడానికి నా వేళ్ళు ఆడలేదురా. వద్దులెండి అత్తయ్యా, ఆ ముక్క ఎవరూ అడగలేదుగా అన్నాను. "వాళ్ళు ముచ్చటపడ్డారు కదా, తెలియాలి" అన్నారు.

బోర్డు మీద ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రి కూడా. అంతమంది ఒకేసారి ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ అక్కడే కూర్చున్నారు, ఎవరైనా ఏదైనా అంటారేమోనని.

సాయంత్రాలు తొందరగా వస్తానని దుకాణంలో చెప్పేశాను. ఇంకో మనిషిని పెట్టుకోండన్నాను. యజమాని మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ.

మీ వాళ్ళ తీర్పు ఏదైనా త్వరగా చెప్పమను. ఎదురుచూడటమే కష్టంగా ఉంది.

అక్క


ఆఫీసు, బయట మెట్ల మీద

అక్కా,

తీర్పు ఇవాళ వచ్చింది. రేపు మీకు అందుతుంది. నా మాటగా ముందే తెలియాలని రాస్తున్నాను.

సూదిమొన మూసేస్తున్నారు. అద్దాలపేట ఉంటుంది, కాకపోతే నువ్వు ఆడటం మానేసినప్పుడు ఎంత ఉండేదో అంతకి దిగిపోతుంది. సూదిమొన చేతిలో ఓడి మేస్త్రి పోగొట్టుకున్న రేవు ఆయనకి తిరిగి వస్తుంది. నిజం చెప్పారు కాబట్టి తగ్గించడానికి వీలుందా అని నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. కానీ తక్కెడ నా మొహం చూసి తనే చెప్పింది. "ఊరు తీసేస్తాం గానీ మనిషిని తీసెయ్యం. కావాలంటే ఆవిడ రేపే కొత్త ఊరు మొదలుపెట్టుకోవచ్చు, అందరిలాగే అట్టడుగు నుంచి." నిజం చెప్పకపోయుంటే అదీ ఉండేది కాదట.

ఊరు మూసే మీట నొక్కే ముందు నన్ను టీ తాగి రమ్మంది. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. ఆవిడ సాయంత్రం దాకా తలెత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, ఆ ఖాళీ పడవ సంగతి ఏమిటో కనుక్కున్నావా అని అడిగింది. ఎదిగే పిల్లల కోసం కుట్టులో వదిలిన గుడ్డ అని చెప్పాను. బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

మీ అత్తగారిని కనిపెట్టుకుని ఉండు. ఆదివారం నేనూ వస్తాను.

తమ్ముడు


ముందుగది, చెక్కకుర్చీ

తమ్ముడూ,

నువ్వు వచ్చి వెళ్ళాక జరిగినవి రాస్తున్నాను. నువ్వున్న రోజున ఆవిడ గోడకేసే చూశారు కదా, ఇక ఇంతేనని మనం గుమ్మంలో నిలబడి గుసగుసలాడుకున్నాం కదా. అవన్నీ ఆవిడకి వినపడ్డాయట.

నువ్వు వెళ్ళిన మర్నాడు నేను వచ్చేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. "నా కుర్చీ కాస్త ఇటు జరుపు, నాకు కొత్త ఊరు తెరిచిపెట్టు" అన్నారు. పేరేం పెట్టమంటారు అంటే "అతుకు" అన్నారు. అదేం పేరు అత్తయ్యా అంటే, చిరిగినదానికి ఇంకేం పేరు పెడతారు అన్నారు. చిన్న రేవు, నాలుగు గుడిసెలు, ఒకే ఒక్క పడవ. ఆవిడ ఆ ఒక్క పడవనీ నింపకుండా వదిలేస్తారేమోనని భయపడ్డాను. నింపారు. రెండోది వచ్చాక చూద్దాంలే అన్నారు.

సరుకు కావాలి కదా, నా వైపు తిరిగి అద్దాలపేట నుంచి కాస్త ధాన్యం పంపమన్నారు. బజారు ధర చెప్పాను. ఆవిడ నన్ను ఎలా చూశారంటే, నేనేదో ఆవిణ్ణి ఇంట్లోంచి గెంటేసినట్టు చూశారు. కోడలివై ఉండి పూర్తి ధర అడుగుతావా అన్నారు. నియమం అత్తయ్యా అన్నాను. బేరమాడారు. అంగుళం గుడ్డకి ఆడినట్టు ఆడారు. నేను దిగలేదు. చివరికి కొన్నారు, కొన్నాక నా ధాన్యంలో తాలు ఎక్కువగా ఉందన్నారు. ఆటలో తాలు ఉండదురా. అయినా అన్నారు.

మేస్త్రి నిన్న వచ్చాడు. "పెద్దమ్మా, కొత్త ఊరట కదా. ఒక పడవ అద్దెకిస్తాను. ఊరికే మాత్రం ఇవ్వను, మళ్ళీ ఇద్దరికీ నోటీసులొస్తాయి" అని రాశాడు. అత్తయ్య అది రెండుసార్లు చదివించుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దె ఎక్కువ చెబుతున్నాడని నాతో సణిగారు గానీ, పడవ తీసుకున్నారు.

నర్సు ఇంకా పలకరించలేదు. పలకరించకపోవచ్చు కూడా.

ఇవాళ నా వంతు వచ్చినప్పుడు చెక్కకుర్చీలో కూర్చున్నాను. ఆవిడ పక్కనే ఉన్నారు, నా మోచెయ్యి ఆవిడకి తగులుతోంది. నాకేమనిపించిందో, బోర్డు మీద అందరికీ కనపడేలా "భోంచేశారా అత్తయ్యా?" అని రాశాను. నేను టైపు చేస్తుంటే ఆవిడ చూస్తూనే ఉన్నారు. నోటితో జవాబు చెప్పొచ్చు. చెప్పలేదు. కీబోర్డు తన వైపు లాక్కుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. నేను సాయం పట్టలేదు.

"ఇంకా లేదు. నీకోసమే ఆగాను."

ఇక్కడితో ఆపుతున్నాను. కంచాలు పెట్టాలి.

అక్క